అకౌస్టిక్ గిటార్ నట్: పదార్థం వల్ల నాదం ఎంత మారుతుంది, కొత్త నట్ చెక్కి బిగించడం ఎలా

గిటార్ తీగ రెండు చోట్ల ఆనుకుని మోగుతుంది. బ్రిడ్జి వైపు శాడిల్, తల వైపు నట్. రెండూ మెడకు అడ్డంగా కూర్చునే చిన్న పట్టీలే. ఓపెన్ తీగ, అంటే ఎక్కడా వేలు నొక్కని తీగ, మీటితే ఈ రెండింటి మధ్య ఉన్న పొడవంతా ఊగుతుంది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలే ఫ్రెట్లు. మూడో ఫ్రెట్ దగ్గర వేలు నొక్కగానే తల వైపు ఆనిక మారిపోతుంది. అప్పుడు తీగ ఆనేది నట్ మీద కాదు, ఫ్రెట్ లోహం మీద. కాబట్టి నట్ ఎముకదైనా ప్లాస్టిక్‌దైనా, నొక్కి వాయించే స్వరానికి దానితో దాదాపు పనిలేదు. శాడిల్ అలా కాదు. ఓపెన్ తీగైనా నొక్కిన తీగైనా ప్రతి స్వరమూ దాని మీదుగానే పైచెక్కకు దిగాలి. ఒకే పదార్థం మీద ఖర్చు పెట్టే వీలుంటే అది శాడిల్ మీద పెట్టడమే తెలివైన పని.

మరి నట్ గురించి ఇంత చర్చ ఎందుకంటే, అకౌస్టిక్ గిటార్‌లో ఓపెన్ తీగల వాడకం చాలా ఎక్కువ. జీ కార్డులో మూడు తీగలు ఓపెన్, ఈ మైనర్‌లో నాలుగు. ఫింగర్‌స్టైల్ వాయించేవారికి బాస్ సగం ఓపెన్ తీగల మీదే నడుస్తుంది. ఆ తీగలు మసకగా పలికితే గిటార్ మొత్తం మసకగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఎప్పుడూ బారే కార్డులే (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) పట్టేవారికి నట్ మార్చినా తేడా పెద్దగా వినపడదు.

నాదం వరకు నట్‌లో మూడు విషయాలు చూడాలి, వాటి వరుస కూడా ముఖ్యమే. మొదటిది తీగ కూర్చునే గాడి ఎంత శుభ్రంగా కోశారన్నది. రెండోది నట్ అడుగు మెడ చెక్కకు ఎంత నిండుగా ఆనిందన్నది. పదార్థం మూడోది. బాగా కోసిన ప్లాస్టిక్ నట్ ముందు, అడ్డదిడ్డంగా కోసిన ఎముక నట్ ఓడిపోతుంది. "బోన్ నట్ వేయించాను, సౌండ్ మారిపోయింది" అనేవారి గిటార్‌లో చాలాసార్లు మారింది గాడి. పాతది ఫ్యాక్టరీలో హడావిడిగా కోసింది, కొత్తది చేత్తో సరిచేసింది.

ముందు తేల్చుకోవాల్సింది: తప్పు నట్‌దేనా?

ఇందుకు కాపో, అంటే మెడ మీద తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్, ఉంటే చాలు. శ్రుతి చేసి ఓపెన్‌గా జీ, సీ కార్డులు వాయించండి. తర్వాత మొదటి ఫ్రెట్‌లో కాపో బిగించి అవే ఆకారాలు పట్టండి. శ్రుతి అర స్వరం పెరుగుతుంది, దాన్ని పట్టించుకోవద్దు. మోత ఎంతసేపు నిలుస్తోంది, బర్రుమంటోందా, తీగలు విడివిడిగా వినపడుతున్నాయా అన్నవే గమనించండి. కాపో పెట్టగానే గిటార్‌కు ప్రాణం వచ్చినట్టుంటే లోపం నట్‌లో ఉంది. రెండు విధాలా ఒకేలా మసకగా ఉంటే పాత తీగలనో, శాడిల్‌నో, బ్రిడ్జినో అనుమానించాలి. అలాంటప్పుడు నట్ మారిస్తే డబ్బు దండగ.

ఏ తీగ దగ్గర లోపమో పట్టుకోవాలంటే ఒకే శ్రుతిని రెండు చోట్ల వినండి. లావు ఇ తీగ అయిదో ఫ్రెట్, ఓపెన్ ఏ తీగ. జీ తీగ నాలుగో ఫ్రెట్, ఓపెన్ బీ తీగ. తీగల మందం వేరు కాబట్టి నాదం ఎలాగూ అచ్చంగా కలవదు. కానీ ఓపెన్ స్వరం ఠక్కున ఆరిపోయి, నొక్కిన స్వరం సాగుతూ ఉంటే ఆ గాడిని చూడాల్సిందే.

పోలిక నిజాయితీగా ఉండాలంటే మరో జాగ్రత్త కావాలి. కొత్త తీగలు తెచ్చే మెరుపు ముందు ఏ నట్ మార్పైనా చిన్నదే. పాత నట్, పాత తీగలతో ఒకసారి విని, కొత్త నట్‌కు కొత్త తీగలు వేసి "అబ్బ, ఎంత తేడా" అనుకుంటే అందులో ఎక్కువ భాగం తీగలదే. పాత నట్ మీద కొత్త తీగలు వేసి రెండు రోజులు వాయించాక ఫోన్‌లో రికార్డు చేయండి. నట్ మార్చాక అవే తీగలు తిరిగి ఎక్కించి, అదే గదిలో ఫోన్‌ను అంతే దూరంలో పెట్టి మళ్లీ రికార్డు చేయండి. వినేటప్పుడు ఓపెన్ తీగల మీదే చెవి పెట్టాలి.

పదార్థాలు, వాటి గుణాలు

తీగ ఊగేటప్పుడు దాని శక్తిలో కొంత నట్ దగ్గర పోతుంది. గట్టిగా, బిగుతుగా ఉన్న పదార్థం తీగ అలను వెనక్కి తిప్పి పంపుతుంది. మెత్తనిది, లోపల బోలుగా ఉన్నది కొంత మింగేస్తుంది. ముందుగా మింగేది పై స్వరాంశాలను, అంటే మెరుపునిచ్చే సన్నని మోతను. అందుకే మెత్తని నట్ మీద ఓపెన్ తీగ "మూసుకుపోయినట్టు" వినిపిస్తుంది.

ప్రారంభ ధర గిటార్లకు వచ్చే నట్ చాలావరకు అచ్చులో పోసిన ప్లాస్టిక్. ఊడదీసి తిప్పి చూస్తే అడుగున గుంటలు కనిపిస్తాయి, లోపల బోలు. మెడకు ఆనేది అంచులు మాత్రమే. దీన్ని తీసి ఏ గట్టి పదార్థంతో చేసినది వేసినా తేడా తెలుస్తుంది. ఈ గైడ్‌లో ఇది తప్పక చేయదగ్గ మార్పు. ఒక గట్టి పదార్థం నుంచి ఇంకో గట్టి పదార్థానికి మారితే తేడా చిన్నది, కొందరి చెవికి అందదు కూడా.

ఎముక అంటే సాధారణంగా ఆవు, గేదె కాలి ఎముక. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2 గ్రాములు. నాదం స్పష్టం, తీగ తీగకూ విడి తెలుస్తుంది. బాగా పాలిష్ అవుతుంది, ఏళ్ల తరబడి అరగదు. చిక్కల్లా ఏంటంటే ఇది ప్రకృతి ఇచ్చినది, రెండు ముక్కలు ఒకేలా ఉండవు. ఒకే ముక్కలో ఒక చివర గట్టిగా, రెండో చివర గుల్లగా ఉండొచ్చు. బ్లీచ్ చేసిన తెల్ల ఎముక అందంగా ఉంటుంది కానీ పెళుసు, గాడి అంచులు పెచ్చులూడతాయి. బ్లీచ్ చేయని పసుపు ఛాయ ఎముకలో కొంత నూనె మిగిలి ఉంటుంది, తీగ కాస్త సాఫీగా జారుతుంది.

ఎముక పేరుతో ప్లాస్టిక్ అంటగట్టే అమ్మకాలు ఆన్‌లైన్‌లో తక్కువేమీ కావు. భూతద్దంతో చూస్తే అసలు ఎముకలో సన్నని గీతలు, చుక్కల్లాంటి రంధ్రాలు కనబడతాయి. కాల్చిన సూది మొనను ముక్క అడుగున తాకిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, ఎముక కరగదు. వేగంగా రాపిడి చేసినప్పుడు వెంట్రుకలు కాలిన వాసన వస్తే అనుమానం అక్కర్లేదు. ముక్కను గాజు పలక మీద రెండంగుళాల ఎత్తు నుంచి వదిలి వినండి. మంచి ఎముక "టింగ్" మని మోగుతుంది, బోలు ప్లాస్టిక్ "టప్" మని ఆగిపోతుంది. నాలుగు ముక్కలు కొంటే వాటిలో మంచిదాన్ని ఏరడానికీ ఇదే పద్ధతి.

జంతువు ఎముక వద్దనుకునేవారికి మంచి దారులున్నాయి. కెనడా కంపెనీ గ్రాఫ్ టెక్ తయారుచేసే టస్క్ కృత్రిమ పదార్థం, అంతటా ఒకే గట్టిదనం. నాదం ఎముకకు దగ్గరగా, కొంచెం మెరుపు ఎక్కువగా ఉంటుంది. ఆకురాయికి సులువుగా తెగుతుంది, మొదటిసారి చేసేవారికి ఎముక కన్నా ఇదే నయం. మికార్టా అంటే రెసిన్‌లో నానబెట్టిన కాగితం లేదా గుడ్డ పొరలను వేడి, ఒత్తిడితో కలిపినది. ఎముక కన్నా మెత్తన, మెరుపు కాస్త తక్కువ. చెవికి చురుగ్గా గుచ్చుకునే గిటార్‌ను నెమ్మదింపజేయడానికి పనికొస్తుంది. కోరియన్ వంటింటి గట్టు మీద వేసే రాయిలాంటి పలకే: ఆక్రిలిక్ రెసిన్, అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి మిశ్రమం. మాడ్యులర్ కిచెన్ పనివాళ్ల దగ్గర తెల్ల కోరియన్ తుంపులు మిగిలిపోతుంటాయి. సాధారణంగా 12 మి.మీ. మందం పలకలు, కోసి పలచన చేసుకోవాలి. చేయి తిరగడానికి ముందు రెండు నట్‌లు వీటితో చేసి పాడుచేసుకోవడం మేలు.

గ్రాఫైట్ లేదా టెఫ్లాన్ కలిపిన నల్ల నట్‌లు జారుడు కోసం. నాదంలో గొప్పేమీ ఉండదు, కానీ డీ-ఏ-డీ-జీ-ఏ-డీ లాంటి శ్రుతులకు తరచూ మారేవారికి, తీగ గాడిలో పట్టేయకుండా ఉండటమే పెద్ద లాభం. ఇత్తడి సాంద్రత ఎముకకు నాలుగింతలకు పైగానే. మోత పొడుగ్గా సాగుతుంది, లోహపు అంచు వస్తుంది. ఫ్రెట్లు కూడా లోహమే కనుక ఓపెన్ స్వరం, నొక్కిన స్వరం ఒకదానికొకటి దగ్గరవుతాయి. జీరో ఫ్రెట్ (నట్ పక్కనే ఉండే అదనపు ఫ్రెట్) ఉన్న గిటార్లలో ఉన్న తర్కమూ అదే. 1932 నుంచి పారిస్ కంపెనీ సెల్మర్ చేసిన గిటార్లలో తీగ ఓపెన్‌గా కూడా ఫ్రెట్ మీదే ఆనుతుంది, నట్ పని తీగల మధ్య ఎడం కాపాడటం వరకే. అలాంటి గిటార్‌కు నట్ పదార్థం మార్చి నాదం కోసం ఎదురుచూడటం వృథా. ఇక ఇత్తడి ఆకురాళ్లను తినేస్తుంది, మెలకువ లేనివారు ముట్టుకోకపోవడం మంచిది. ఎబొనీ చెక్క నైలాన్ తీగలకు సరే, ఉక్కు తీగలు దాన్ని త్వరగా కోసేస్తాయి. ఏనుగు దంతం సంగతి వదిలేయండి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని వ్యాపారం నేరం.

కావలసిన పనిముట్లు

డిజిటల్ కాలిపర్, బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేయడానికి వాడే ఫీలర్ గేజ్, చిన్న వైస్, సన్న పళ్ల రంపం, చదునైన ఆకురాయి, మందపు గాజు పలక, 120 నుంచి 2000 వరకు ఎమరీ పేపర్లు, పదునైన బ్లేడు, మాస్కింగ్ టేప్, చిన్న సుత్తి, చెక్క ముక్క, ఫెవికాల్. ఇవన్నీ హార్డ్‌వేర్ షాపులో దొరికేవే.

గాళ్లు కోసే ఆకురాళ్ల దగ్గరే అసలు ఖర్చు. ఒక్కో తీగ మందానికి ఒక్కో ఆకురాయి, అంచు గుండ్రంగా ఉండేవి కావాలి. ఒక్క గిటార్ కోసం అంత పెట్టడం ఇష్టం లేకపోతే గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే పిన్నుల సెట్ కొనండి. రకరకాల మందాల్లో, ఒంటి నిండా గరుకు గాట్లతో ఉంటాయి. నెమ్మదిగా తెగుతాయి, వంగుతాయి, కానీ పని జరుగుతుంది. లావు తీగ గాడికి, ఆ తీగ పాత ముక్కకే సన్నని ఎమరీ చుట్టి రుద్దినా ఫరవాలేదు. సాధారణ హాక్సా బ్లేడుతో గాడి పూర్తిచేయాలని మాత్రం చూడకండి. దాని పళ్లు పక్కలకు వంచి ఉంటాయి, కోత సన్న తీగలకు మరీ వెడల్పవుతుంది.

1. పాత నట్ తీయడం

తీగలు విప్పే ముందు మెడ వంపు సరిచూసుకోండి. లావు ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ ఒళ్లుకు కలిసే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ పైన సందు కొలవండి. 0.1 నుంచి 0.25 మి.మీ. ఉంటే చాలు. ఎక్కువ తక్కువలుంటే మెడ లోపలి లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌తో ముందే సరిచేయాలి. మెడ వంపు తేలకుండా గాళ్ల లోతు తేల్చకూడదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు తేమలో ఉన్న గిటార్‌ను ఎండాకాలం హైదరాబాద్ తెచ్చినట్టయితే వారం పది రోజులు గదిలో ఉంచాకే ఈ కొలత తీసుకోండి.

పాత నట్ మీద తీగల మధ్య దూరాలు, రెండు చివర్ల నుంచి దూరాలు కొలిచి రాసుకోండి. నట్ చుట్టూ పాలిష్ కలిసే గీత వెంట బ్లేడుతో రెండు మూడుసార్లు గీయండి. ఈ పని వదిలేస్తే నట్‌తో పాటు తల మీది వార్నిష్ పెచ్చు ఊడివస్తుంది. తర్వాత ఫ్రెట్‌బోర్డ్ వైపు నుంచి చెక్క ముక్క ఆనించి సుత్తితో చిన్నగా తట్టండి. నట్ తల వైపుకు ఒరిగి ఊడుతుంది. తలకు చేసిన గాడిలో దిగి ఉన్న నట్ అయితే ఇలా తట్టకూడదు, పక్క నుంచి జరపాలి. గట్టిగా అంటుకుపోతే నట్‌కు నిలువునా, మెడకు అడ్డంగా, దాని పొడవంతా మధ్యలో రంపంతో కోత పెట్టండి. చెక్కను తాకకముందే ఆపి, పట్టకారుతో రెండు సగాలనూ నొక్కితే లోపలికి కూలిపోతుంది.

కింద మిగిలిన జిగురు చెక్కులను చదునైన ఉలితో గీకేయండి. చెక్క తెగకూడదు. కొన్ని గిటార్లలో నట్ కూర్చునే ఈ మెడ గాడి అడుగు సమంగా ఉండదు, తల వాలుకు తగ్గట్టు ఏటవాలుగా ఉంటుంది. అది ఫ్యాక్టరీ చేసిన పద్ధతే, తప్పని సమం చేయకండి. కొత్త నట్ అడుగునే ఆ వాలుకు తేవాలి.

2. ముక్కను కూర్చోబెట్టడం

మెడ గాడి మందం చాలా గిటార్లలో 5, 6 మి.మీ. మధ్య ఉంటుంది. మెడకు అడ్డంగా నట్ వెడల్పు: ఉక్కు తీగల గిటార్లకు 43 లేదా 44.5 మి.మీ., క్లాసికల్‌కు 52 మి.మీ. దగ్గర. మీ కొలత కన్నా కొంచెం పెద్ద ముక్క తీసుకోండి.

గాజు పలకకు 120 ఎమరీ టేపుతో అంటించి ముక్క అడుగు రుద్దండి. తర్వాత 220. రుద్దేటప్పుడు ముక్క ముందుకు వెనక్కి ఊగితే అడుగు గుండ్రమవుతుంది. చదునైన చెక్క దిమ్మెకు ఆనించి రుద్దితే నిలువు తప్పదు. మందం తగ్గిస్తూ గాడిలో పెట్టి చూస్తూ ఉండండి. వేళ్లతో నొక్కితే దిగాలి, గిటార్ తిరగేస్తే పడిపోకూడదు. సుత్తితో కొట్టి దించాల్సినంత బిగుతుగా ఉంటే ఫ్రెట్‌బోర్డ్ కొస చీలుతుంది.

అడుగు నిండుగా ఆనిందో లేదో కంటికి తెలియదు. మెడ గాడి అడుగున మెత్తటి పెన్సిల్‌తో నలుపు పూసి, నట్‌ను నొక్కి కాస్త కదిపి తీయండి. నలుపు అంటిన చోట్లు ఎత్తుగా ఉన్నాయి. అక్కడ మాత్రమే రుద్ది, మళ్లీ చూడండి. అడుగంతా సమంగా నల్లబడే దాకా ఇదే పని. ఎముక నట్ వేయించినా "ఏం తేడా లేదే" అనిపించడానికి చాలాసార్లు కారణం ఈ మెట్టు దాటేయడమే. ఖాళీని జిగురుతో నింపితే మెత్తని జిగురు పొర మీద కూర్చున్న ఎముక దొరుకుతుంది.

ఎముక పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఎన్95 మాస్క్ పెట్టుకోండి, ఎమరీని తడిపి రుద్దండి. ఫ్యాను కింద ఈ పని వద్దు.

3. ఫ్రెట్ల ఎత్తు గీత

పొట్టి పెన్సిల్‌ను నిలువునా సగానికి రుద్దేయండి, నల్ల సీసం కూడా సగమవ్వాలి. చదునైన వైపు మొదటి రెండు మూడు ఫ్రెట్ల మీద ఆనించి, మొనతో నట్ ముందు ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీయండి. ఫ్రెట్ల పైభాగం నట్ దగ్గరకు పొడిగిస్తే ఎక్కడుంటుందో చెప్పే గీత ఇది, ఫ్రెట్‌బోర్డ్ వంపు కూడా ఇందులో వచ్చేస్తుంది. గాడి అడుగులు ఈ గీతకు 0.15 నుంచి 0.2 మి.మీ. పైన ఆగాలి. గీత దాటిందా, ఆ గాడి పాడైనట్టే. నట్ పైభాగాన్ని ప్రస్తుతానికి గీతకు 2 మి.మీ. పైన ఉండేలా కోసి, తల వైపుకు కాస్త వాలు ఇవ్వండి.

4. తీగల ఎడం

తీగల నడిమి గీతలను సమదూరంలో పెడితే లావు తీగలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు, సన్నవి దూరంగా ఉన్నట్టు వేళ్లకు తెలుస్తుంది. సమంగా ఉండాల్సింది తీగ అంచుకూ తీగ అంచుకూ మధ్య ఖాళీ.

44.5 మి.మీ. నట్‌కు, మామూలు లైట్ సెట్‌కు లెక్క ఇదీ. తీగల మందాలు 0.30, 0.41, 0.61, 0.81, 1.07, 1.35 మి.మీ. మొత్తం 4.55. బయటి తీగల బయటి అంచుల మధ్య 38 మి.మీ. ఉంచుకుందాం, అంటే రెండు పక్కలా 3.25 మిగులుతుంది. 38లో 4.55 తీసేసి 5తో భాగిస్తే ఒక్కో ఖాళీ 6.69 మి.మీ. ఈ లెక్కన బాస్ చివర నుంచి గాళ్ల నడిమి గుర్తులు: 3.9, 11.8, 19.5, 26.9, 34.1, 41.1. కాలిపర్ మొనతో ఈ గుర్తులు గీయండి. 43 మి.మీ. నట్ అయితే 38 బదులు 36.5 పెట్టి అదే లెక్క చేసుకోండి. సన్న ఇ తీగ చివరకు 3 మి.మీ. కన్నా దగ్గరైతే వేలు నొక్కినప్పుడు ఫ్రెట్ అంచు మీద నుంచి జారిపోతుంది.

5. గాళ్లు కోయడం

నాదం తేలేది ఇక్కడే, తొందరపడేదీ ఇక్కడే.

ముందు సన్న రంపంతో ప్రతి గుర్తు మీదా అర మి.మీ. లోతు దారి వేసి, నట్‌ను మెడలో పెట్టి, తీగలు వదులుగా వేసి చూడండి. ఎడం తప్పితే గాడి లోతు తక్కువున్న ఇప్పుడే పక్కకు జరపొచ్చు. ఆ తర్వాత తీగ మందం కన్నా 0.05 నుంచి 0.1 మి.మీ. వెడల్పైన ఆకురాయి తీసుకోండి. గాడి మరీ ఇరుకైతే తీగ పట్టేస్తుంది, మరీ వెడల్పైతే పక్కకు ఊగి బర్రుమంటుంది.

ఆకురాయి వెనక కొస తల వైపుకు వాలాలి, తల ఎంత వాలి ఉందో అందులో సుమారు సగం. గాడిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచే కావాలి. తీగ అక్కడి నుంచే బయల్దేరాలి. గాడి సమతలంగా ఉన్నా, వెనక వైపు ఎత్తుగా ఉన్నా తీగ ఊగుతూ గాడి అడుగును రాసుకుంటుంది, తంబురాలో దారం పెట్టినట్టు జుయ్యిమంటుంది. తంబురాకు అది అందం, గిటార్‌కు రోగం. పైగా తీగ నట్ మధ్య నుంచో వెనక నుంచో మొదలైతే ఓపెన్ పొడవు పెరుగుతుంది, ఫ్రెట్ల మీద స్వరాలు శ్రుతికి ఎక్కువ పలుకుతాయి. అడుగు కూడా తీగ ఆకారానికి తగ్గట్టు గుండ్రంగా ఉండాలి. వి ఆకారపు గాడిలో తీగ రెండు గోడల మధ్య ఇరుక్కుంటుంది, అడుగుకు ఆనదు.

లోతు అదుపుకు మంచి ఉపాయం ఫీలర్ గేజ్. ఫ్రెట్‌బోర్డ్ చెక్క నుంచి మొదటి ఫ్రెట్ ఎత్తు కొలవండి, 1.1 మి.మీ. అనుకుందాం. దానికి 0.15 కలిపితే 1.25. అంత మందానికి గేజ్ ఆకులు కట్టగా పెట్టి, నట్‌కు ఆనించి ఫ్రెట్‌బోర్డ్ మీద ఆ తీగ కిందకు వచ్చేలా టేపు వేయండి. ఆకురాయి ఉక్కును తాకిన చప్పుడు రాగానే ఆపేయాలి. బాస్ తీగలకు మొత్తం 1.3 పెట్టుకోండి, అవి ఎక్కువ ఊగుతాయి. మొదటిసారి చేసేవారు ఇంకో 0.1 ఎక్కువ దగ్గరే ఆగి, మిగతాది తీగలు బిగించాక తీయడం క్షేమం.

6. తీగలు బిగించి లోతు తేల్చడం

ఇప్పుడు పూర్తి శ్రుతికి తెండి. ఒక్కో తీగను మూడో ఫ్రెట్ మీద నొక్కి, మొదటి ఫ్రెట్ పైన సందు చూడండి. శాడిల్ ఎత్తు ఎలా ఉన్నా ఈ కొలత మారదు, అందుకే ఇది నమ్మదగ్గది. సన్న తీగలకు 0.05 నుంచి 0.1 మి.మీ., లావు వాటికి 0.1 నుంచి 0.15 ఉండాలి. గేజ్ దూరకపోతే గోటితో తీగను ఫ్రెట్ మీద తట్టండి. "టిక్" మన్న చిన్న చప్పుడు వస్తే సందు ఉన్నట్టు. చప్పుడే లేకపోతే గాడి లోతైపోయింది.

సందు ఎక్కువగా ఉంటే తీగ వదులు చేసి, పక్కకు తీసి, ఆకురాయితో రెండు మూడు రుద్దులే రుద్ది మళ్లీ బిగించి చూడండి. విసుగు పుట్టే పని, కానీ ఇంకో దారి లేదు. ఎత్తు మిగిలితే మొదటి ఫ్రెట్‌లో నొక్కడానికి తీగను ఎక్కువ సాగదీయాలి. ఓపెన్ శ్రుతి సరిగా ఉన్నా ఎఫ్ కార్డు అపశ్రుతి పలకడానికి, కొత్తగా నేర్చుకునేవారి వేళ్లు బొబ్బలెక్కడానికి ఇదే కారణం.

లోతు కుదిరాక పైభాగం తగ్గించాలి. లావు తీగలు సగం మందం బయటకు కనబడాలి, సన్న రెండు తీగలు నట్ పైభాగానికి సమంగా ఉంటే చాలు. గాడి గోడలు తీగ కన్నా ఎత్తుగా మిగిలితే తీగ పట్టేస్తుంది. చివర్లను మెడ పక్కలకు సమం చేసి, అంచులు గుండ్రం చేసి, 400 నుంచి 2000 వరకు వరుసగా రుద్దండి. మెడకు మాస్కింగ్ టేప్ వేయడం మరవద్దు. గాళ్ల లోపల 1000 ఎమరీని మడతపెట్టి ఒక్కసారి లాగితే చాలు, ఎక్కువ లాగితే లోతు మారిపోతుంది.

7. అంటించడం

అడుగున రెండు చిన్న ఫెవికాల్ చుక్కలు. అంతే. శ్రుతి బిగిస్తే తీగలే నట్‌ను నొక్కి పట్టుకుంటాయి, జిగురు పని తీగలు మార్చేటప్పుడు ఊడకుండా చూడటమే. ఫెవిక్విక్ నిండా పూస్తే తర్వాత నట్ తీసేవాడు మెడ చెక్కను కూడా పీకాల్సి వస్తుంది.

తర్వాత వచ్చే చిక్కులు

శ్రుతి చేస్తుంటే "టిక్" మని తీగ ఎగిరితే, ట్యూనర్ సూది ఒక్కసారిగా దూకితే గాడి ఇరుకు. తీగల మందం పెంచినప్పుడు ఇది మామూలు. గాడిని కాస్త వెడల్పు చేయండి, అంతవరకూ పెన్సిల్ సీసం పొడి సాయపడుతుంది.

ఓపెన్‌లో మాత్రమే బర్రుమని, కాపో పెట్టగానే ఆగితే రెండు అవకాశాలు. గాడి లోతైంది, లేదా తీగ ముందు అంచు నుంచి బయల్దేరడం లేదు. మొదటి ఫ్రెట్ సందు సరిగా ఉంటే రెండోదే కారణం. గాడి వెనక భాగాన్ని తల వైపుకు ఇంకొంచెం వాల్చి రుద్దండి, ముందు అంచును తాకకుండా.

ఒక్క తీగ మోత మాత్రమే ఠక్కున ఆరిపోతుంటే ఆ గాడి అడుగును భూతద్దంతో చూడండి. పెచ్చు ఊడి ఉంటుంది లేదా పొడి పేరుకుని ఉంటుంది. ఆరు తీగలూ ఒకేలా మసకగా ఉంటే నట్ అడుగును మళ్లీ పెన్సిల్ నలుపుతో పరీక్షించాలి.

ఒకే గాడి లోతైపోతే నట్ పారేయనక్కర్లేదు. అదే ఎముక పొడిని గాడిలో నొక్కి, పలచని సూపర్ గ్లూ ఒక్క చుక్క వేయండి. రెండు పొరలుగా నింపి, గంటసేపు ఆగి మళ్లీ కోయండి. పొడి మిగలకపోతే వంట సోడా వాడొచ్చు. అది గ్లూ తగలగానే గట్టిపడుతుంది, వేడెక్కుతుంది కూడా, వేలు దూరంగా ఉంచండి. సన్న తీగల దగ్గర ఈ అతుకు చాలాకాలం ఆగుతుంది. లావు తీగల చుట్టు మాత్రం దాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది, కొన్ని నెలలకు మళ్లీ బర్రు మొదలవుతుంది. ఆరు గాళ్లూ లోతైపోయాయంటే అతుకులొద్దు. నట్‌ను తీసి, అడుగున ఎముక లేదా గట్టి చెక్క పలచని రేకు ఒకటి అంటించి ఎత్తు పెంచండి. కాగితం ముక్కలు మడిచి పెట్టొద్దు, రెండో మెట్టులో పడ్డ కష్టమంతా వాటితోనే పోతుంది.